ఆబా ఒటువా పాడకుండా కూర్చున్న ఐదు ఆదివారాలు

ఎగ్యానో అనే సముద్రపొడ్డు ఊళ్ళో క్రైస్తవ సంఘం పుట్టి నూట ముప్పై ఏళ్ళయింది. ఈ నూట ముప్పై ఏళ్ళలో ఏ పాస్టరూ అక్కడ తన ప్రసంగాన్ని అడ్డం లేకుండా మొదటి నుంచి చివరిదాకా చెప్పి ఎరగడు. ఆయన యోసేపును గోతిలోకి తోయించాడో లేదో, వెనక బెంచీలో ఒక ముసలమ్మ లేచి ఆ గోతి మీద పాట ఎత్తుకుంటుంది. అప్పటికప్పుడు కట్టిన పాట. జనం అందుకుంటారు, డప్పులు కలుస్తాయి, పాస్టరు బల్ల మీద చేతులు పెట్టుకుని అది అయ్యేదాకా నిలబడతాడు. కీర్తనల పుస్తకం చదవలేని తాతమ్మలకి దేవుడిచ్చిన వెసులుబాటని చెబుతారు. అక్కడి ఫాంటీ భాషలో దానికి పొడుగాటి పేరొకటి ఉంది. ఊళ్ళో మాత్రం మన పాట అంటారు.

తెలివైన పాస్టర్లు దీన్ని వాడుకున్నారు. ప్రసంగం దారి తప్పి ఐగుప్తుకీ కనానుకీ మధ్య ఎక్కడో ఇసుకలో కూరుకుపోతే, ఓరకంట వెనక బెంచీ కేసి చూసేవాళ్ళు. ఆబా ఒటువా లేచేది. ఆమె పాట ముగించేలోపు ఆయన నీళ్ళు తాగి, చెమట తుడుచుకుని, తర్వాత చెప్పాల్సింది వెతుక్కునేవాడు. పదేళ్ళుండి బదిలీ అయిపోయిన ముసలి పాస్టరొకాయన వీడ్కోలు సభలో ఆ మాట దాచుకోలేదు కూడా. "నా ప్రసంగాల్లో మంచివన్నీ ఆబా ఒటువావే. పొడుగువి నావి" అన్నాడు.

ఆబాకి ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. చేపలు పొగబెట్టి ఎండబెట్టడం ఆమె పని, అంతకుముందు వాళ్ళమ్మ పని. మొదటి పాట ఆమె నోట్లోంచి ఇరవై ఆరో ఏట వచ్చింది. ఆ ఏడు ఆమె మొగుడు కోఫీ వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. ఒక వారం ఒడ్డున కూర్చుంది. రెండో వారం జనం పనులకి వెళ్ళిపోయారు. మూడో ఆదివారం ఆమె గుడికి వెళ్ళింది. భక్తితో కాదు, ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలూ నాన్నేడని అడుగుతుంటే చెప్పలేక. ఆ రోజు పాస్టరు యోనా గురించి చెబుతున్నాడు. చేప యోనాను మూడు రోజులయ్యాక ఒడ్డున కక్కిందని ఆయన చేతులు ఊపుతుంటే, ఆబా తనకు తెలియకుండానే లేచి నిలబడింది.

"మింగిన చేప కక్కిందంట, మూడు వారాలైతే ఎట్టా తండ్రీ
నా వాడిని మింగినదానికి నోరు తెరవమని చెప్పు తండ్రీ"

ఒక్క క్షణం గుడి ఉలిక్కిపడింది. తర్వాత ముందు వరుసలో పడవ యజమాని పెళ్ళాం "చెప్పు తండ్రీ" అని అందుకుంది. ఆమె తమ్ముడూ అదే పడవలో వెళ్ళాడు. తర్వాత అందరూ అందుకున్నారు. చేప నోరు తెరవలేదు. కోఫీ రాలేదు. కానీ ఆ సాయంత్రం ఆబా మూడు వారాల తర్వాత పొయ్యి వెలిగించింది. అప్పటినుంచి కష్టమొస్తే ఆమె చేసే పని అదొక్కటే. ఆదివారం దాకా మోసుకొచ్చి, పాస్టరు చెప్పే కథలో దానికొక చోటు దొరికేదాకా కాచుకుని, లేచి దించుకునేది. పాట తన ఒక్కదానిదే అయితే దించేది కాదేమో. వందమంది కిందనుంచి పట్టుకునేవారు.

రెండేళ్ళ కిందటి పోటుకి సముద్రం ఆమె ముందు గదినీ రెండు పొయ్యిలనీ పట్టుకుపోయింది. ఆ వీధిలో పొయ్యి మిగిలిన ఇల్లు లేదు. ఉన్నా పొగబెట్టడానికి చేప లేదు. పెద్ద పెద్ద ఓడలు లోతులో ఊడ్చుకుపోగా మిగిలినవి చిన్న పడవల వలల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేటట్టుండేవి. అవి కూడా జూలై వస్తే ఉండవు. చేప గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం నెల్లాళ్ళు సముద్రం మూసేస్తుంది. ఆడపిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక ఒంటరిగా మిగిలిన ఆబా, ఆ వెనక గదిలో ఉంటూ, కర్రపెండలపు గరీని నీళ్ళలో నానబెట్టుకు తింటూ, ఇసుక కలిపిన బంకమట్టితో కొత్త పొయ్యి కట్టుకుంటోంది. మోకాళ్ళు సహకరించక వారానికి జానెడు లేస్తోంది.

ఈ ఏడు జూలైకి రెండు నెలల ముందు రెవరెండు జొయెల్ అంపియా ఊరికి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళ వాడు, చదువుకున్నవాడు, మనసులో చెడు లేనివాడు. ఊరి పరిస్థితి చూసి కదిలిపోయాడు. కదిలిపోయి, "కష్టకాలంలో బలానికి ఏడు తాళంచెవులు" అని ఏడు ఆదివారాల ప్రసంగమాల తయారు చేసి, రంగు కాగితం మీద అచ్చు వేయించి, ఇల్లిల్లూ తిరిగి పంచాడు. ఆబా ఇంటికి వచ్చినప్పుడు ఆమె మట్టి పిసుకుతోంది. మోచేత్తో ముక్కాలిపీట చూపించింది.

"కూర్చో నాయనా. జాగ్రత్త, దాని కాలు వదులు."

పాస్టరు సగమే కూర్చున్నాడు. "అమ్మా, మీరు ధైర్యంగా ఉండాలి. ఈ కాగితం దగ్గర పెట్టుకోండి. వారానికొక తాళంచెవి."

"తలుపే సముద్రం తీసుకుపోయింది కదా నాయనా" అంది ఆబా. ఆమె ఎగతాళికి అనలేదు. ఆయన ఎగతాళి అనుకుని నవ్వాడు.

ఆయన వెళ్ళాక పక్కింటి ఎకువా వచ్చి కాగితం చదివింది. ఎకువా ఆబా కంటే పదేళ్ళు చిన్నది, వెనక బెంచీలో ఆబా పక్కన కూర్చుని మొదటి పల్లవి అందుకునేది ఆమే.

"రెండో తాళంచెవి. రోజూ పొద్దున్నే మీకు జరిగిన మేళ్ళన్నీ నోటుపుస్తకంలో రాసుకోండి."

"ఇంకా?"

"నాలుగోది. మిమ్మల్ని నిరుత్సాహపరిచే మనుషులకి దూరంగా ఉండండి."

"అయితే నువ్వింటికి పోవే."

"నేనేం నిరుత్సాహపరిచానే అక్కా!"

"నా పొయ్యి వంకరగా ఉందన్నావుగా పొద్దున."

మొదటి ఆదివారం పాస్టరు సారెపతు విధవరాలి కథ, కరువులో మిగిలిన పిడికెడు పిండితో ఏలీయా ప్రవక్తకి రొట్టె చేసిపెట్టిన ఆవిడ కథ, ఎత్తుకున్నాడు. గుడి గోడ మీద తెల్లగుడ్డ కట్టి, జనరేటరు పెట్టించి, బొమ్మలు వేయించాడు. మొదటి తాళంచెవి కృతజ్ఞత. "ఆ విధవరాలు తనకి లేనిదాన్ని చూసింది. ప్రవక్త ఆమెకి ఉన్నదాన్ని చూపించాడు. ఉన్నది చూడండి, లేనిది చూడకండి!" అని వేలు పైకెత్తాడు. అక్కడినుంచి మూడు ఉపశీర్షికలున్నాయి. ఒకటోదాని బొమ్మ గోడ మీద పడింది కూడా. ఆబా లేచింది.

"పిండి ఉంది పిడికెడు, నూనె ఉంది చారెడు
పుల్లలు రెండు ఏరితిని, పొయ్యేదయ్యా ఏలీయా
పోటు తిన్న నా పొయ్యి ఏదయ్యా"

ఎకువా "ఏదయ్యా" అంది. పొయ్యి పోగొట్టుకున్న వీధి వీధంతా "ఏదయ్యా" అంది. డప్పులు లేచాయి. చాలాకాలంగా కన్నీళ్ళు పెట్టని ఆడవాళ్ళు లేచి తెల్లటి చేతిగుడ్డలు ఊపుతూ వరుసల మధ్య నడిచారు. పాట ఇరవై రెండు నిమిషాలు సాగింది. గోడ మీద ఒకటో ఉపశీర్షిక అలాగే నిలబడి ఉంది. పాట ఆగేసరికి జనరేటరులో నూనె అయిపోయింది.

మంగళవారం కమిటీ కూర్చుంది. మంగళవారం ఎవరూ వేటకి వెళ్ళరు, అది సముద్రం విశ్రాంతి తీసుకునే రోజు. సముద్రమే మూసేసి ఉన్న రోజుల్లో కూడా మంగళవారం వేరేగా విశ్రాంతి ఉంటుంది. కమిటీలన్నీ అందుకే మంగళవారాలు కూర్చుంటాయి. సంఘ పెద్ద క్వామినా అబాకా రిటైరైన హెడ్మాస్టరు. బడి వదిలి తొమ్మిదేళ్ళయినా బడిగంట వదల్లేదు. ఆ ఇత్తడి చేతిగంట ఇప్పుడు గుడి బల్ల మీద ఉంటుంది, కార్యక్రమంలో ఎవరికిచ్చిన నిమిషాలు వాళ్ళు దాటితే మోగుతుంది. ఆబాని పిలిపించి ఎదురుగా కుర్చీ వేశారు.

"ఆబా, నీ పాట వద్దని ఎవరూ అనట్లేదు" అన్నాడు అబాకా. "అది మన జాతి సంపద. సంపదని ఎక్కడపడితే అక్కడ పారబోసుకోకూడదంటున్నాం, అంతే."

"మరెక్కడ పెట్టమంటావు?"

"ప్రకటనలయ్యాక, రెండోసారి కానుకలు పట్టకముందు. ఐదు నిమిషాలు. పాట రాసి శుక్రవారానికల్లా కమిటీకి ఇవ్వాలి."

"పాస్టరుగారు ఆదివారం ఏం చెబుతారో నాకు శుక్రవారం ఎలా తెలుస్తుంది?"

"ప్రసంగంతో నీకేం పని? నీ పాట నువ్వు రాసుకో."

"నాకు రాయడం రాదని నీకు తెలీదా క్వామినా? మూడో తరగతిలో నన్ను బయటికి గెంటింది మీ నాన్నే కదా."

కమిటీలో ఇద్దరు నవ్వి, అబాకా మొహం చూసి, దగ్గారు. ఈసారి పాస్టరు మాట్లాడాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అమ్మా, ఈ ప్రసంగాలు రాయడానికి నాకు నెల పట్టింది. మీ అందరికీ బలం రావాలనే కదా. బలం దగ్గరికి తీసుకెళ్ళేలోపు మీరు మధ్యలో ఆపేస్తే ఎలా?"

"ఆవిడ పిండి లేదని ఏడుస్తుంటే మీరు దాటి వెళ్ళిపోతున్నారు నాయనా. ఆవిడ తరపున రెండు ముక్కలన్నాను."

"ఇరవై రెండు నిమిషాలు" అన్నాడు అబాకా. ఆ రోజు గడియారం చూసింది ఆయనొక్కడే. "తీర్మానం చదువుతున్నాను, విను. ఇకమీద ప్రసంగంలో అడ్డం వస్తే మన పాట బృందం రద్దు. వెనక బెంచీలో కూర్చునే ఆ ఆరుగురూ తలో చోట సర్దుకోవాలి. ఆ బెంచీ తీసేసి అక్కడ కొత్త సౌండుపెట్టెలు పెట్టిస్తాం."

తన ఒక్కదాని సంగతే అయితే ఆబా ఏమనేదో. ఆ ఆరుగురిలో నలుగురికి డెబ్బై దాటాయి. ఒకామెకి చూపు లేదు, ఆ బెంచీ చివర తడుముకుని కూర్చోవడం తప్ప గుడిలో ఆమెకి ఇంకే దారీ తెలియదు. "సరే, నోరు మూసుకుంటాను" అని ఆబా లేచి వచ్చేసింది.

ఐదు ఆదివారాలు మూసుకుంది. రెండో తాళంచెవి గంటా నలభై నిమిషాలు సాగింది. మూడోది రెండు గంటలు. అడ్డం పడేవాళ్ళు లేకపోయేసరికి పాస్టరుకి ఎక్కడ ఆపాలో తెలియలేదు. అబాకా గంటకి పాస్టరు మీద అధికారం లేదు. నాలుగో ఆదివారం గుడిలో సగంమంది నిద్రపోయారు. అబాకా దాన్ని 'శ్రద్ధగా వినడం' అని మినిట్సులో రాశాడు. ప్రకటనలయ్యాక ఐదు నిమిషాలు కార్యక్రమంలో ఉన్నట్టే ఉండేవి. ఆబా లేచి నిలబడేది, నోట్లో ఏమీ ఉండేది కాదు, కూర్చునేది. "ఆబా ఒటువాగారికి వందనాలు" అనేవాడు అబాకా గడియారం చూసుకుని సంతోషంగా.

ఇంటి దగ్గర పాడుకోమని ఎకువా సలహా ఇచ్చింది. ఆబా ప్రయత్నించింది. గోడకి పాడితే గోడ అందుకోలేదు. మోసుకొచ్చిన బరువు ఆదివారం దిగక, మరో వారానిది దాని మీద ఎక్కి కూర్చునేది. కొత్త పొయ్యి మోకాలెత్తు దగ్గర ఆగిపోయి ఎండకి బీటలిచ్చింది. ఆరో ఆదివారం పొద్దున్నే ఎకువా వచ్చేసరికి ఆబా గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"లేవే అక్కా. గుడికి టైమవుతోంది."

"నువ్వెళ్ళు."

"జొరమా?"

"కాదు. కోఫీ పోయినప్పుడు కూడా లేచాను. ఇప్పుడెందుకు లేవాలో తెలీట్లేదే."

ఎకువా ఆమెతో తగువు పెట్టుకోలేదు. గుడ్డ తెచ్చి ఒంటికి చుట్టి, తలగుడ్డ కట్టి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బెంచీలో కూర్చోబెట్టింది. ఆబా ఆ రోజు ఆరో తాళంచెవి ఏమిటో కూడా వినలేదు.

ఆ గురువారం పాస్టరు తల్లి చనిపోయింది. ఆమెది ఒడ్డుకి దూరంగా లోపలున్న ఊరు, మొక్కజొన్న పిండితో చేసే కెంకీ ఉండలు ఆకుల్లో చుట్టి అమ్మి ఆయన్ని చదివించింది. అంత్యక్రియలు ఎప్పటిలాగే నెల తర్వాత, బంధువులందరికీ కబుర్లు వెళ్ళాక. ఈలోగా ఆదివారం వచ్చింది. వేరెవరైనా మాట్లాడతారు, విశ్రాంతి తీసుకోండని పిన్నలూ పెద్దలూ చెప్పారు. కానీ ఏడో తాళంచెవి అచ్చయిపోయి ఉంది. దాని పేరు 'ఎల్లప్పుడూ సంతోషించండి'. కార్యక్రమంలో ఉన్నది జరగాలని అబాకా అభిప్రాయం. పాస్టరుదీ అదే అభిప్రాయం. బలం గురించి ఆరు వారాలు చెప్పినవాడు ఏడో వారం ఇంట్లో ఎలా కూర్చుంటాడు?

ఆయన నల్లబట్టలతో బల్ల దగ్గరికి వచ్చి కాగితాలు విప్పాడు. గొంతు గట్టిగానే ఉంది. మొదటి పేజీ అయింది. రెండో పేజీ తిప్పి చదవడం మొదలుపెట్టాడు. "ఉదాహరణకి మా అమ్మనే తీసుకోండి. డెబ్బై రెండేళ్ళ మనిషి. ఇప్పటికీ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి నవ్వుతూ..."

రెండు నెలల కిందట రాసుకున్న కాగితం. అందులో ఆవిడ ఇంకా బతికే ఉంది.

ఆయన ఆగిపోయాడు. నీళ్ళు తాగాడు. "నాలుగింటికి లేచి" అన్నాడు మళ్ళీ. పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. జనరేటరు చప్పుడు ఒక్కటే వినపడుతోంది. గోడ మీద పసుపు రంగు నవ్వుమొహం బొమ్మ పడి ఉంది. అబాకా గంట చేతిలోకి తీసుకుని, కార్యక్రమం కాగితం చూసి, ఇటువంటిదానికి అందులో ఏమీ లేకపోవడంతో గంట మళ్ళీ కింద పెట్టేశాడు.

పాస్టరు తలెత్తాడు. ఎవరికేసీ చూసినట్టు లేదు. కానీ ఆబాకి ఆ నోరు తెలుసు. తెరుచుకుని, ఏమీ రాక, మూయడానికీ చేతకాక ఉన్న నోరు. ఐదు వారాలుగా తన మొహాన్నున్నదీ అదే. ఆమె బెంచీ చివరికి చూసింది. చూపులేని ముసలామె తల వంచుకుని, బెంచీ పట్టె పట్టుకుని కూర్చుని ఉంది.

"అక్కా, వద్దే" అంది ఎకువా గొంతు తగ్గించి. "బెంచీ పోతుంది."

"నేల మీద కూర్చుందాం" అని ఆబా లేచింది. మోకాలు పట్టేసింది. ఎకువా భుజం పట్టుకుని నిలబడింది.

"చాలు ప్రభువా అన్నాడు, పొదకింద పడ్డాడు ఏలీయా
చచ్చిపోతానన్నాడు, దేవుడు తిట్టలేదు ఏలీయాని
రొట్టె కాల్చి పెట్టాడు, చెంబుతో నీళ్ళు పెట్టాడు
తిని పడుకోరా అన్నాడు, అప్పుడే లేచి నడవమనలేదు"

గొంతు జీరగా వచ్చింది, రెండో చరణానికి పగిలింది. అందుకునేవాళ్ళు ఒక్క క్షణం తడబడ్డారు, తీర్మానం అందరికీ తెలుసు. ముందుగా అందుకుంది చూపులేని ముసలామె. "తిని పడుకోరా" అంది, ఎవరినో ఒళ్ళో వేసుకుని జోకొట్టినట్టు. తర్వాత గుడంతా అందుకుంది. డప్పులు మెల్లగా కలిశాయి. ఆబా పాడుతూ తన పొయ్యిని కలిపింది, కోఫీని కలిపింది, నాలుగింటికి లేచి కెంకీ ఉడికించే ఆ ఎరగని మనిషిని కలిపింది. పాస్టరు బల్ల మీద తల ఆనించి, ఈ ఊరొచ్చాక మొదటిసారి, ఏ తాళంచెవీ వెతక్కుండా ఏడ్చాడు. ఏడో ప్రసంగం రెండో పేజీ దాటలేదు. ఆ ఏడింటిలో దానికొక్కదానికే జనం చివరిదాకా మేలుకుని ఉన్నారు.

సోమవారం ఆబా బీటలిచ్చిన పొయ్యి మీద నీళ్ళు చల్లి, మట్టి మళ్ళీ కలిపింది. మంగళవారం కమిటీ కూర్చుంది. మూడు గంటలు చర్చ జరిగింది. తీర్మానం ప్రకారం బృందం రద్దు కావాలి. కానీ పాస్టరు దానికి ఒప్పుకోనన్నాడు, అంతకంటే ఎక్కువ ఏమీ చెప్పలేదు. తీర్మానమూ పోకూడదు, బృందమూ పోకూడదు. చివరికి అబాకానే దారి కనిపెట్టాడు. బుధవారం కొత్త కార్యక్రమం కాగితం పట్టుకుని ఆబా ఇంటికి వచ్చి, వదులు కాలి పీట మీద జాగ్రత్తగా కూర్చున్నాడు.

"చదువుతాను విను. 'తొమ్మిది: ప్రసంగం, మొదటి భాగం. పది: ఆకస్మిక గీతం, ఆబా ఒటువా, ఏడు నిమిషాలు. పదకొండు: ప్రసంగం, రెండవ భాగం.' ఐదు నుంచి ఏడు చేయించాను, నా మాట మీద."

"ఇదెందుకు క్వామినా?"

"ఎందుకేమిటి! కార్యక్రమంలో ఉంటే అది అడ్డం కాదు కదా. ఇక నువ్వు నిక్షేపంగా అడ్డం రావచ్చు. పది గంటల నలభైకి."

ఆబా మట్టిచేతులతో ఆయన్ని చూసింది. చిన్నప్పటినుంచీ ఎరిగినవాడు. వాళ్ళ నాన్న బెత్తానికి భయపడి ఆమె వెనక దాక్కున్నవాడు. "సరేలే. నీళ్ళు తాగుతావా?" అంది.

ఆదివారం పది నలభైకి పాస్టరు వాక్యం మధ్యలో ఆగి, బల్ల మీద చేతులు పెట్టుకుని, మర్యాదగా వెనక బెంచీ కేసి చూశాడు. గుడంతా వెనక్కి తిరిగింది. ఆబా కూర్చునే ఉంది. లోపల వెతుక్కుంది, ఏమీ లేదు. ఎకువా మోచేత్తో పొడిచింది. "ఏమే, లేవే!"

"రాట్లేదే."

"ఏదో ఒకటి పాడవే, అందరూ చూస్తున్నారు!"

"చూడనీ."

ఏడు నిమిషాలు సంఘమంతా నిశ్శబ్దంగా కూర్చుంది. పది నలభై ఏడుకి అబాకా గంట కొట్టి, పదో అంశం సంతృప్తిగా పూర్తయిందన్నట్టు కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు. పాస్టరు తన వాక్యం మిగిలిన సగం చెప్పాడు. ఆ రోజు ప్రసంగం మొత్తం అరగంటే.

తర్వాత ప్రకటనలు. అబాకా కళ్ళజోడు సర్దుకుని చదివాడు. పందుల్ని కట్టేసుకోవాలి. మరుగుదొడ్డి దగ్గర గొళ్ళెం ఎవరో తీసుకెళ్ళారు, తెచ్చి పెట్టాలి. "సముద్రం తెరిచినట్టు ప్రభుత్వం తెలియజేసింది. పడవలు బుధవారం నుంచి..."

ఆబా అప్పటికే నిలబడి ఉంది.

"తెరిచావా తండ్రీ, తెరిచావా
మూసిన నోరు తెరిచావా"

అబాకా గంట కోసం చెయ్యి చాపాడు. కానీ ఆ చేతికి గంట అందకముందే, ఆయన వెనక కుర్చీలోంచి "తెరిచావా" అని పాస్టరు గొంతు వినపడింది. శ్రుతి లేదు. డప్పులు కలిశాయి. జనం లేచారు. క్వామినా అబాకా పందుల గురించిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, ఆ ఊళ్ళో పాస్టర్లందరూ నిలబడినట్టే, పాట అయ్యేదాకా నిలబడ్డాడు. ఎంతసేపయిందో మినిట్సులో రాయలేదు.